పాత వీడియో టేపులను డిస్కులకు మార్చుట: తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

గత విద్యాసంవత్సరమున మా పాఠశాల ఏడవ తరగతి పిల్లలకు మేమొక చిన్న పని యిచ్చితిమి. ఇంటిలోని అవ్వయో తాతయో పాడిన పాట నొకదానిని విని, నేర్చుకొని, తరగతిలో వినిపింపవలెనని ఆ పని. ఒక బాలిక లేచి, "మా అవ్వ లేదు అయ్యవారూ, కానీ మా అత్త పెళ్లి వీడియోలో పాడింది" అని చెప్పినది. ఆ వివాహము 1994లో జరిగినది. కుమార్తెను అత్తవారింటికి పంపుచు ఆ తల్లి పాడిన అప్పగింతల పాట వీడియోలో నున్నదని యింట అందరికిని జ్ఞాపకము. మరునాడు బాలిక తండ్రి స్వయముగా డిస్కు తెచ్చి మా కార్యాలయములోని కంప్యూటరులో పెట్టినారు.

బొమ్మ చక్కగనే యున్నది. పెండ్లికూతురి చేతులు పట్టుకొని ఆ తల్లి పాడుచున్నది. చుట్టునున్న స్త్రీలు కన్నీరు తుడుచుకొనుచున్నారు. కాని వినబడునది ఆమె పాట కాదు. ఒక సినిమా పాట. టేపును డిస్కుగా మార్చిన అంగడివారు అందముగా నుండునని మొదటినుండి చివరివరకు సినిమా పాటలు అతికించి, అసలు శబ్దమును తీసివేసినారు. "టేపు ఎక్కడున్నదండీ?" అని యడిగితిమి. "అంగడివాళ్లే పెట్టుకున్నారు అయ్యవారూ. డిస్కు వచ్చేసింది కదా, ఇంకెందుకని మేమూ అడగలేదు" అని వారు చెప్పినారు. ఆ బాలిక తెరపై కదలుచున్న అవ్వ పెదవులను చూచుచు నిలిచిపోయినది.

ఇందు మా దోషమును కొంత కలదు. కొన్ని యేండ్ల క్రిందట తల్లిదండ్రుల సమావేశమున, "ఇంటిలో క్యాసెట్టులు బూజు పట్టుచున్నవి, వానిని డిస్కులకెక్కించుకొనుడు" అని చెప్పినవారము మేమే. ఎట్లు ఎక్కింపవలెనో, ఎక్కించిన పిదప టేపును ఏమి చేయవలెనో చెప్పలేదు. ఆ లోపమును పూరించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

టేపులో నేమున్నది?

మన దేశమున 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కాలమున రంగుల టెలివిజను వచ్చినది. ఆ తరువాతనే వీడియో యంత్రములు ఇండ్లకును, పెండ్లి పందిళ్లకును చేరినవి. మన యిండ్లలోని పెద్ద క్యాసెట్టులు చాలవరకు వి.హెచ్.ఎస్. అను పద్ధతికి చెందినవి. దీనిని 1976లో జపానులోని జె.వి.సి. సంస్థ వెలువరించినది. ఇవిగాక అరచేతిలో నిముడు ఎనిమిది మిల్లీమీటర్ల క్యాసెట్టులు 1985 ప్రాంతమునను, అంతకంటె చిన్నవియగు మినీ డి.వి. క్యాసెట్టులు 1995లోను వచ్చినవి. ఒక రకపు క్యాసెట్టు మరియొక రకపు యంత్రమున నడువదు. కావున మొదట మీ యింట నున్నది ఏ రకమో దానిపై ముద్రించిన అక్షరములను చూచి తెలిసికొనవలెను.

వి.హెచ్.ఎస్. క్యాసెట్టులో అర అంగుళము వెడల్పుగల పలుచని పాలియెస్టరు పట్టీ యుండును. మూడు గంటల క్యాసెట్టులో దాని పొడవు సుమారు 250 మీటర్లు. ఆ పట్టీపై అయస్కాంత గుణముగల ఇనుప ఆక్సైడు పొడిని ఒక విధమైన జిగురుతో పూసియుందురు. మనము చూచు బొమ్మయు, వినెడి మాటయు ఆ పొడిలో అయస్కాంతపు గుర్తులుగా నిలిచియుండును. యంత్రములో 62 మిల్లీమీటర్ల వ్యాసముగల ఒక లోహపు పీపా నిమిషమునకు 1500 సార్లు తిరుగుచుండును. దాని అంచున నమర్చిన చిన్న హెడ్డులు పట్టీపై నేటవాలుగా వ్రాసియున్న బొమ్మ గుర్తులను చదువును.

శబ్దము సంగతి వేరు. సాధారణమైన యంత్రములలో మాట పట్టీ యొక్క పైఅంచు వెంబడి సన్నని గీతగా నమోదగును. దానిని కదలని వేరొక హెడ్డు చదువును. అందువలన అంచు మడత పడినను, నలిగినను బొమ్మ మిగిలి మాట పోవచ్చును. ఈ విషయము తల్లిదండ్రులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. బొమ్మ కనబడినంత మాత్రమున టేపు అంతయు వచ్చినదని తలపరాదు.

ఎందుకు త్వరపడవలెను?

టేపునకు ప్రధాన శత్రువు తేమ. మన ఊత్తుకోట ఆరణి నది యొడ్డున నున్నది. ఐప్పసి, కార్తిక మాసముల వానలకు గోడలు చెమ్మగిల్లుట మనకు క్రొత్త కాదు. గాలిలోని తేమ పట్టీపై నున్న జిగురులో చేరి దానిని మెల్లగా విడగొట్టును. అప్పుడు పట్టీ జిగటగా మారి, యంత్రమున కీచుమని ధ్వని చేయుచు, హెడ్డులకు మట్టివలె అంటుకొనును. బీరువా అడుగున, అటకమీద పెట్టిన క్యాసెట్టులలో తెల్లని బూజు పట్టుటయు సామాన్యము. 2015 నవంబరు, డిసెంబరు నెలల వరదలలో చెన్నపట్టణమునను, మన జిల్లాలోను ఎన్నో యిండ్లలో నీరు చొచ్చినప్పుడు పుస్తకములతోపాటు ఇట్టి టేపులును తడిసినవి.

రెండవ కారణము యంత్రము లేకుండుట. వి.హెచ్.ఎస్. యంత్రములు తయారుచేయుచుండిన చివరి సంస్థ జపానుకు చెందిన ఫునాయి. అది 2016 జూలైలో వాని తయారీ నిలిపివేసినది. నేడు మిగిలినవన్నియు పాత యంత్రములే. వానికి విడిభాగములు దొరకవు, బాగుచేయువారును తగ్గిపోవుచున్నారు. ఈ యిబ్బంది మన యింటిదే కాదు. యునెస్కో వారు 2019లో ప్రపంచమందలి సంస్థలకును, వ్యక్తులకును అయస్కాంత టేపుల విషయమున ఒక హెచ్చరిక కార్యక్రమము ప్రారంభించిరి. టేపు చెడకున్నను, చదువు యంత్రము లేనినాడు అందలి విషయము పోయినట్లే యని దాని సారాంశము.

మూడవ కారణము మన చేతులే. ఒకే క్యాసెట్టుపై మరల మరల రికార్డు చేయు అలవాటు ఇండ్లలో నుండెడిది. పెద్దసంస్థలకును ఈ పొరపాటు తప్పలేదు. 1969లో మానవుడు చంద్రునిపై మొదటిసారి కాలుమోపినప్పుడు అచ్చటినుండి వచ్చిన సంకేతములను నేరుగా నమోదుచేసిన టేపులను అమెరికా అంతరిక్షసంస్థ యగు నాసా వారు తరువాతి కాలమున తుడిచి వేరు పనులకు వాడుకొనిరి. ఎంత వెదకినను అవి దొరకలేదని 2009లో ప్రకటించిరి. టెలివిజనులో ప్రసారమైన దృశ్యముల ప్రతులు వేరుగా నుండుటచేత వానిని చక్కదిద్ది యిచ్చిరి గాని, అంతకంటె స్పష్టమైన మొదటి టేపులు మరల రాలేదు.

యంత్రమున పెట్టుటకు ముందు

మొదట క్యాసెట్టు వెనుక అంచున ఎడమవైపు నుండు చిన్న ప్లాస్టిక్కు బిళ్ళను చూడుడు. అది యున్నచో విరిచివేయవలెను. బిళ్ళ లేని క్యాసెట్టుపై యంత్రము క్రొత్తగా రికార్డు చేయదు. పొరపాటున మీట నొక్కినను లోపలి విషయము భద్రముగా నుండును.

తరువాత క్యాసెట్టు కిటికీగుండ వెలుతురులో లోపలి చుట్టను పరిశీలింపవలెను. చుట్ట నల్లగా, నున్నగా నున్నచో మంచిది. తెల్లని పొడి, దారములవంటి చారలు కనబడినచో అది బూజు. అట్టిదానిని యంత్రమున పెట్టరాదు. పెట్టినచో పట్టీ తెగవచ్చును. బూజు యంత్రమునకంటి తరువాతి క్యాసెట్టులకును సోకును. దానిని వేరొక సంచిలో నుంచి, శుభ్రపరచుట తెలిసినవారికే ఈయవలెను. పిల్లలచేత తుడిపింపరాదు, ఆ పొడి ఊపిరికి మంచిది కాదు.

ఇంటిలోనో బంధువుల యింటనో యంత్రము మిగిలియున్నచో, ముందుగా అక్కరలేని పాత సినిమా క్యాసెట్టునొకదానిని అందులో నడిపి చూడవలెను. ఏండ్ల తరబడి కదలని యంత్రము మొదటి క్యాసెట్టును నమిలివేయుట కలదు. నమిలినది సినిమా అయినచో నష్టము లేదు. పెండ్లి అయినచో తీరదు. పరీక్ష జరిగిన పిదప అసలు క్యాసెట్టును పెట్టి, ఒకసారి చివరివరకు ముందుకును, మరల మొదటికిని చుట్టింపవలెను. దీనివలన అతుకులు వీడి పట్టీ సమముగా చుట్టుకొనును.

మార్చు విధము

యంత్రము వెనుకనుండి మూడు తీగలు వచ్చును. పసుపుపచ్చనిది బొమ్మకు, తెలుపు, ఎరుపు రంగులవి శబ్దమునకు. కొన్ని యంత్రములలో శబ్దమునకు ఒక తీగయే యుండును. ఈ తీగలను ఒక చిన్న పరికరముద్వారా కంప్యూటరునకు కలుపుదురు. ఆ పరికరము టేపునుండి వచ్చు సంకేతములను అంకెలుగా మార్చును. ఆ అంకెలు కంప్యూటరులో ఫైలుగా నిలుచును. పిదప ఆ ఫైలునుండి డిస్కు తయారగును.

ఈ పని త్వరగా ముగియదు. మూడు గంటల టేపు మార్చుటకు మూడు గంటలు పట్టితీరును. ఏలయన టేపు తన సహజమైన వేగముననే నడువవలెను. ఆ సమయమంతయు ఎవరైనను ఎదుట కూర్చొని చూచుచుండుట మంచిది. బొమ్మపై అడ్డముగా గీతలు వచ్చినచో యంత్రముపై ట్రాకింగు అను మీటతో సరిచేయవచ్చును. కీచుధ్వని వచ్చినను, బొమ్మ హఠాత్తుగా మసకబారినను వెంటనే ఆపవలెను. మినీ డి.వి. క్యాసెట్టులలో మాత్రము విషయము మొదటినుండియు అంకెలుగానే యుండును. దానికి తగిన కెమెరాయు, తీగయు ఉన్నచో ఏ మాత్రము తగ్గుదల లేకుండ కంప్యూటరులోనికి తీసికొనవచ్చును.

ఇంట ఈ సౌకర్యము లేక అంగడికి ఇచ్చువారు నాలుగు మాటలు ముందుగా మాట్లాడుకొనవలెను. వీలైనచో కాగితముపై వ్రాసియీయవలెను. ఒకటి: టేపులోని అసలు శబ్దము ఉన్నదున్నట్లు ఉండవలెను, పాటలు, సంగీతము చేర్పరాదు. రెండు: ఏ భాగమును కత్తిరింపరాదు; భోజనముల వరుసయు, ముసలివారి ముచ్చట్లును విసుగు కలిగించునని తీసివేయరాదు. మూడు: డిస్కుతోపాటు కంప్యూటరు ఫైలునుకూడ ఈయవలెను. నాలుగు: టేపును తిరిగి మన చేతికి ఈయవలెను. పాటలతో అలంకరించిన ప్రతి కావలసినచో దానిని వేరుగా చేయించుకొనుటలో తప్పులేదు. కాని అది రెండవది కావలెను.

డిస్కు వచ్చిన పిదప మొదటి అయిదు నిమిషములు చూచి తృప్తిపడరాదు. మొదట, నడుమ, చివర చూడవలెను. కన్నులు మూసికొని కొంతసేపు వినవలెను. మాట వినబడుచున్నదా? పెదవుల కదలికకు మాట సరిపోవుచున్నదా? ఆ తండ్రి డిస్కు తెచ్చుకొన్ననాడు ఇంతపాటి పరీక్ష చేసియున్నచో టేపు అప్పటికి అంగడిలోనే యుండెడిది.

డిస్కు శాశ్వతమా?

కాదు. డి.వి.డి.లో 4.7 గిగాబైట్ల విషయము పట్టును. రెండు గంటల టేపునకు అది చాలును. మూడు గంటల టేపును ఒకే డిస్కులో ఇరికించినచో బొమ్మ చెడును గనుక రెండు డిస్కులు వాడవలెను. అంతకుముందు కొందరు చేయించుకొన్న వి.సి.డి.లలో బొమ్మ మరింత తక్కువ స్పష్టముగా నుండును. టేపు మిగిలియున్నచో అట్టివారు మరల మార్పించుకొనుట మేలు.

మనము వ్రాయించుకొను డిస్కులో ఒక రంగుపూత యుండును. లేజరు కిరణముతో దానిపై గుర్తులు పెట్టుదురు. ఎండ, వేడి, గీతలు దానికి హాని చేయును. డిస్కుపై కాగితపు చీటి అంటింపరాదు. గట్టి పెన్నుతో వ్రాయరాదు. పేరు పెట్టెమీద వ్రాయుట ఉత్తమము. ఇప్పటి కంప్యూటరులలో అనేకమునకు డిస్కు పెట్టు చోటే లేదు. కావున డిస్కు ఒకటి, అదే విషయము హార్డుడిస్కులో నొకటి, వేరొక ఊరిలోని బంధువుల యింట నొకటి, ఇట్లు మూడు ప్రతు లుంచుకొనవలెను. పుత్తూరులోనో సత్యవేడులోనో ఉన్న ఆడబిడ్డ యింట ఒక ప్రతి యున్నచో, ఇచ్చట నీరు చొచ్చినను అచ్చట మిగులును.

టేపును పారవేయరాదు. మొదటికి చుట్టి, పెట్టెలో పెట్టి, పుస్తకమువలె నిలువుగా, నేలకు ఎత్తుగా, చెమ్మలేని చోట ఉంచవలెను. డిస్కులో ఏదైనను లోపమున్నట్లు పదియేండ్లకు తెలిసినను, మరల మార్చుకొనుటకు టేపుకంటె వేరు ఆధారము లేదు.

పేర్లు లేని బొమ్మలు

ఇంతవరకు చెప్పినది యంత్రముల సంగతి. అన్నియు సరిగా చేసినను ఒక కొరత మిగులును. డిస్కులో ముఖములుండును, పేర్లుండవు. పందిరిలో ఎదురు కూర్చున్న ఆ పెద్దమనిషి ఎవరు? తలంబ్రాలు అందించుచున్న ఆ స్త్రీ మేనత్తయా, పిన్నియా? టేపు తీసిననాడు ఇవి అందరికిని తెలిసినవే గనుక ఎవరును వ్రాయలేదు. నేడు తెలిసినవారు ఇంటికొకరో యిద్దరో ఉందురు.

కావున టేపు నడుచుచున్న ఆ మూడు గంటలు ఇంటిలో పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఒక నోటుపుస్తకములో మూడు వరుసలు గీయుడు. మొదటి వరుసలో నిమిషము, రెండవ వరుసలో కనబడువారి పేరును, వరుసయు, మూడవ వరుసలో చెప్పిన మాటయో పాటయో వ్రాయవలెను. వ్రాయువారు పిల్లలు కావలెను, తెలుగులో వ్రాయవలెను. సంవత్సరము తెలియనిచో బొమ్మలోని వస్తువులే కొంత చెప్పును. కండలేరు–పూండి కాలువగుండ కృష్ణాజలము మన సరిహద్దునకు మొదటిసారి వచ్చినది 1996లో. టేపులో కాలువనిండ నీరు పారుచున్నచో అది ఆ తరువాత తీసినదని తెలియును.

ఈ పనిని తెలుగు పాఠముగా మేమెందుకు భావించుచున్నామో తల్లిదండ్రులకు విన్నవింపవలెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దులు మారినప్పుడు తిరుత్తణి ప్రాంతము ఈ రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకును చేరినవి. గీత మారినను వియ్యములు మారలేదు. నాగలాపురమునుండి కోడండ్రు వచ్చుచునే యున్నారు. మన పెండ్లి టేపులలో రెండువైపుల తెలుగును కలిసి వినబడును. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన తరువాత బడులలో తమిళము ప్రథమ భాషగా క్రమముగా ప్రవేశించినది. మనమున్న నాటి భాషను మన పిల్లలు శ్రద్ధగా నేర్వవలసినదే. అందు మాకు భేదాభిప్రాయము లేదు. కాని తెలుగునకు బడిలో దొరకు గంటలు కొద్ది. ఆ గంటలలో మేము పాఠ్యపుస్తకపు తెలుగు నేర్పగలము. నలుగు పెట్టుచు అవ్వలు వేసిన పరిహాసములు, బియ్యము కొలుచుచు తాతలు పలికిన లెక్కలు, అప్పగింతలనాటి మాటలు ఏ వాచకములోను లేవు. వానిని నేర్పగల గురువులు అనేక గృహములలో ఇప్పుడు ఆ క్యాసెట్టులలో మాత్రమే యున్నారు.

ఈ సంవత్సరము ఏడవ, ఎనిమిదవ తరగతుల పిల్లలకు ఇట్టి నోటుపుస్తకము నొకదానిని సిద్ధపరచుట ఇంటిపనిగా ఇచ్చుచున్నాము. టేపు లేని యింటి పిల్లలు పాత ఛాయాచిత్రములతోనైనను చేయవచ్చును. డిస్కును మాకు చూపనక్కరలేదు. అది మీ యింటి సొత్తు. పుస్తకమును మాత్రము చూచి, అక్షరదోషములు దిద్ది తిరిగి యిత్తుము. అవ్వ పలికిన మాట పుస్తకభాషకు భిన్నముగా నున్నచో దానిని దిద్దము, పలికినట్లే యుంచుదుము.

ఆ బాలిక యింటి కథకు కొంత కొనసాగింపు కలదు. పుత్తూరులో నున్న వారి అత్తగారి యింట వెదకగా, పెండ్లినాడు వరునివైపువారు వేరుగా తీయించిన క్యాసెట్టు ఒకటి దొరికినది. దానిపై కొంత బూజు కలదు. దానిని యంత్రమున పెట్టవలదని చెప్పి, శుభ్రపరచు పని తెలిసినవారియొద్దకు పంపించితిమి. అందులో అప్పగింతల ఘట్టమున్నదో లేదో ఇంకను తెలియదు. ఉన్నచో, మొదట శబ్దమును విందుము.